గుంటూరు దగ్గర మిర్చి ఏసీలో 62 టిక్కీలు, పది నెలలు: మా అనుభవం

మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీని మా వైపు ఎవరూ కోల్డ్ స్టోరేజీ అనరు, ఏసీ అనే అంటారు. గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా ఉన్నాయి. అందులో ఒకదాంట్లో మేం 2024 ఏప్రిల్‌లో 62 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి పెట్టి, 2025 ఫిబ్రవరిలో చివరి టిక్కీ బయటికి తీశాం. పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క ఏసీది కాదు, ఇంకో దాంట్లో పెట్టినా దాదాపు ఇదే జరిగేదని ఇప్పుడు తెలుసు కాబట్టి. ఈ సీజన్‌లో సరుకు ఏసీలో పెట్టాలా, కల్లంలోనే అమ్ముకోవాలా అని ఆలోచిస్తున్నవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు మా సంగతి. మాది ప్రత్తిపాడు వైపు ఊరు, నేను గుంటూరులో ఉద్యోగం చేస్తాను. సొంతం రెండెకరాలు, కౌలుకు రెండెకరాలు. నాన్నకు మోకాళ్లు సహకరించక రెండేళ్లుగా గుంటూరు మిర్చి యార్డు పనులు, ఏసీ పనులు నేనే చూస్తున్నాను. ఆ ఏడు కోతల ఖర్చులకు, కౌలుకు కొంత సరుకు వెంటనే అమ్మేశాం. మిగిలింది 62 టిక్కీలు, టిక్కీ 42 కిలోల లెక్కన 26 క్వింటాళ్లు. అప్పుడు క్వింటా 18 వేలకు అడిగారు. నాన్న వద్దన్నారు. అంతకు ముందు ఏడాది తేజ 20 వేలు దాటి పలకడం చూసిన కళ్లు కదా, వర్షాకాలం దాటితే మళ్లీ ఎక్కుతుందని ఆశ. 2021-22లో నల్ల తామర పురుగు తోటలను తుడిచిపెట్టేసినప్పటి నుంచి మిర్చి కొరత మీదే ఉందని, కొరత ఉన్నంత కాలం ధర ఉంటుందని ఊళ్లో అందరిదీ అదే మాట. మేం ఒక్కరమే కాదు, మా వీధిలో ఆరుగురు ఏసీకే తోలారు.

ఇక ఏసీ సేవ గురించి. చల్లదనం విషయంలో వంక పెట్టడానికి లేదు. లోపల ఐదు డిగ్రీల చుట్టూ ఉంచుతామన్నారు, పది నెలల్లో నాలుగుసార్లు వెళ్లాను, ఎప్పుడు వెళ్లినా ఛాంబర్ తలుపు దగ్గరే ఒళ్లు జలదరించేంత చలి. తీసిన టిక్కీ విప్పి చూస్తే కాయ ఎరుపు అలాగే ఉంది, బూజు లేదు, పురుగు లేదు, రంగు పోయిన తెల్లకాయ పెట్టినప్పుడు ఎంత ఉందో అంతే. అదే మామూలు గోదాములో పెట్టి ఉంటే ఆగస్టుకే రంగు దిగిపోయేది, రంగు దిగిన కాయను యార్డులో ఎవడూ ముట్టుకోడు. హమాలీలు కూడా టిక్కీలు విసిరేయకుండా పేర్చారు. గుమాస్తా పెద్దాయన మంచి మనిషి. మొదటి రోజు నన్ను చూసి, ‘ఏమ్మా, నాన్నగారు రాలేదా?’ అని కుర్చీ వేయించి, టిక్కీల మీద మా మార్కా, అంటే సరుకు మాదని తెలిపే గుర్తు, సరిగ్గా పడిందో లేదో నా చేత దగ్గరుండి చూపించాడు. సరుకు తీసేటప్పుడు, ‘వెంటనే ఎండలోకి తీసుకెళ్లకండమ్మా, టిక్కీలు చెమర్చి కాయ నెమ్ము పడుతుంది, ఒక పూట బయటి హాల్లో ఉంచి తోలుకోండి’ అని చెప్పింది కూడా ఆయనే. ఈ మాట తెలియక, కాయ నెమ్ముగా ఉందని ధరలో కోత పడ్డవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అద్దె టిక్కీకి 200, మొత్తం 12,400, జనవరి దాటినందుకు మిగిలిన టిక్కీలకు కొంత అదనం. హమాలీ ఖర్చు వేరే. దీని మీద నాకు ఫిర్యాదు లేదు, చేసిన పనికి తగిన డబ్బే.

ఇబ్బంది అంతా బాండు దగ్గర వచ్చింది.

సరుకు పెట్టగానే ఏసీ వాళ్లు ఇచ్చే రసీదును బాండు అంటాం. మా బాండు మీద ఏముందో చెప్తాను: పేరు, ఊరు, మార్కా, తేదీ, ‘తేజ, 62 టిక్కీలు’. అంతే. బరువు లేదు, తేమ శాతం లేదు, ఏ గ్రేడో లేదు. సరుకుకు బీమా ఉందా అని అడిగితే ‘ఉందమ్మా’ అన్నారు కానీ ఆ కాగితం చూపించలేదు. మన వైపు ఏసీలు తగలబడిన సంగతులు మనకు తెలియనివి కావు, కాబట్టి అది చిన్న విషయం కాదు. ఆ బాండైనా మా చేతిలో ఉందా అంటే అదీ లేదు. పంట మొదట్లో మందులకని, కౌలుకని యార్డులో కమీషన్ కొట్టు ఆయన దగ్గర మూడు లక్షలు తెచ్చుకున్నాం, రెండు రూపాయల వడ్డీకి. సరుకు అమ్మకుండా ఏసీలో పెడుతున్నామనగానే, ‘పెట్టుకోండి, బాండు మాత్రం నా దగ్గర ఉంచండి’ అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, అప్పిచ్చినవాడు తాకట్టు అడుగుతాడు. కానీ ఆ కాగితం ఆయన బీరువాలోకి వెళ్లిన క్షణం నుంచి ఎప్పుడు అమ్మాలి, ఎవరి ద్వారా అమ్మాలి అన్న రెండూ మా చేతిలో లేవు.

జూన్‌లో నేను ఒక బ్యాంకుకు వెళ్లాను. ఏసీలో 26 క్వింటాళ్లు ఉంది, దాని మీద అప్పిస్తే కొట్టు బాకీ తీర్చేసి బాండు తెచ్చుకుంటానని చెప్పాను. మేనేజర్ గారు మర్యాదగానే మాట్లాడారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘ఆ కోల్డ్ స్టోరేజీకి డబ్ల్యూడీఆర్ఏ రిజిస్ట్రేషన్ ఉందా?’ ఆ పేరు నేను వినడం అదే మొదలు. గుమాస్తా బాబాయ్‌ని అడిగితే ఆయనకూ తెలియదు, యజమానిని కనుక్కుని ‘మనకు లేదమ్మా, అది తప్పనిసరి కాదు’ అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 2007లోనే పార్లమెంటు గిడ్డంగుల చట్టం చేసింది. 2010లో ఆ చట్టం కింద ఒక ప్రాధికార సంస్థ వచ్చింది, డబ్ల్యూడీఆర్ఏ అంటే అదే. అందులో రిజిస్టర్ అయిన గోదాము ఇచ్చే రసీదు చేతులు మార్చుకోదగిన పత్రం అవుతుంది, 2017 నుంచి అది ఎలక్ట్రానిక్ రూపంలో వస్తోంది. దాని మీద సరుకు బరువు, నాణ్యత, ఎంత కాలం నిల్వ ఉంటుంది అన్నీ ఉంటాయి. సరుకు పాడైనా, తక్కువొచ్చినా ఎవరిది బాధ్యతో చట్టంలో ఉంటుంది. అందుకే బ్యాంకు దాన్ని నమ్ముతుంది. చిన్న, సన్నకారు రైతులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే, ఆ రసీదు మీద తీసుకునే అప్పుకు పంట చేతికొచ్చాక ఆరు నెలల వరకు వడ్డీ రాయితీ కూడా ఉంది. 2024 మార్చిలో కేంద్రం ఈ-కిసాన్ ఉపజ్ నిధి అని ఆన్‌లైన్ పద్ధతి మొదలుపెట్టి, ఈ రసీదుల మీద 7 శాతం వడ్డీకే అప్పు అని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో, ఈ అప్పులు ఎగిరిపోతాయేమోనని బ్యాంకులు భయపడకుండా వెయ్యి కోట్లతో ఒక గ్యారంటీ పథకం కూడా పెట్టారు.

లెక్క చూడండి. మూడు లక్షలు, రెండు రూపాయల వడ్డీ, పది నెలలకు 60 వేలు. అదే 7 శాతానికైతే 17,500. తేడా 42,500. మా ఏసీ అద్దెకు మూడు రెట్లకు పైనే. అంటే నేను ఏ ఏసీ అద్దె తక్కువ అని నాలుగు చోట్ల తిరిగి టిక్కీకి పది రూపాయలు మిగుల్చుకున్నాను కదా, ఆ తిరగడం కంటే ‘మీకు రిజిస్ట్రేషన్ ఉందా’ అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎంత మిగిలేదో.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది కౌలు సంగతి. మా పంటలో సగం కౌలు చేను. కౌలు రైతుకు పంట రుణం కావాలంటే కౌలు సాగుదారుగా గుర్తించే కార్డు కావాలి, 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం కావాలి. 2011 చట్టం కింద ఇచ్చిన కార్డుల కాలం నుంచీ చూస్తున్నాం, సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులకు భయం. మా కౌలు యజమాని నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు, ఆయన కూడా, ‘ఏమీ అనుకోకురా, మా పిల్లలు ఒప్పుకోరు’ అన్నాడు. కాబట్టి బ్యాంకు దృష్టిలో ఆ రెండెకరాల్లో నాన్న లేడు. కానీ గోదాము రసీదు మీద ఇచ్చే అప్పు భూమిని చూసి ఇచ్చేది కాదు, సరుకును చూసి ఇచ్చేది. కాయ ఎవరి చేలో పండిందన్న దానితో పని లేదు, గోదాములో నా పేరు మీద ఉందా లేదా అన్నదే ప్రశ్న. అంటే కౌలు రైతుకు బ్యాంకు గుమ్మం తెరిచే దారి ఏదైనా ఉందంటే ఇదే. ఆ దారి మాకు పది కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది, మేం పెట్టిన ఏసీ ఆ చట్టంలో నమోదు కాలేదు కాబట్టి, నమోదు కావడం వాళ్ల ఇష్టానికి వదిలేశారు కాబట్టి.

ఇక్కడ ప్రభుత్వం డబ్బు పెట్టడం లేదని కాదు. కోల్డ్ స్టోరేజీ కట్టుకునేవాళ్లకు జాతీయ ఉద్యాన బోర్డు నుంచి మన ప్రాంతంలో 35 శాతం దాకా సబ్సిడీ ఇచ్చే పథకం ఉంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రెండు కోట్ల వరకు అప్పుకు మూడు శాతం వడ్డీ తగ్గింపు ఉంది. గోడలు, యంత్రాలు, ఛాంబర్లు కట్టడానికి ఇంత సాయం చేస్తున్నప్పుడు, సాయం తీసుకున్న ప్రతి ఏసీ రిజిస్టర్ కావాలి, రైతుకు బ్యాంకు ఒప్పుకునే రసీదు ఇవ్వాలి అని షరతు పెట్టడం ఎంత పని? యజమానుల కష్టాలు నాకు తెలియక కాదు. సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, నాణ్యత చూసే మనుషుల్ని పెట్టాలి, తనిఖీలు ఉంటాయి. ఆ డిపాజిట్‌ను 2024లో 3 శాతం నుంచి 1 శాతానికి తగ్గించారు కూడా. అయినా అడిగేవాడు లేకపోతే ఎవరు పెట్టుకుంటారు ఆ తలనొప్పి.

సరే, అమ్మకాల సంగతి. అక్టోబర్‌లో కొత్త తోటకు మందులు కావాల్సి వచ్చి 30 టిక్కీలు తీశాం, క్వింటాకు 15,500 పడింది. ఆ డబ్బు పురుగు మందులకు, కూలీలకే సరిపోయింది, కొట్టు బాకీ జోలికి పోలేదు. మిగతా 32 టిక్కీలు సంక్రాంతి తర్వాత తీద్దామనుకుంటే ధర జారుతూనే ఉంది. కొట్టు ఆయన ఫోన్ మీద ఫోన్, ‘ఇంకా దిగుతుంది, తీసెయ్యండి’ అని. నాన్నకు నిద్ర లేదు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఫిబ్రవరి మధ్యలో 11,200కి ఇచ్చేశాం. మొత్తం మీద వచ్చింది సుమారు 3,45,000. ఏప్రిల్‌లో అడిగిన 18 వేలకే ఇచ్చి ఉంటే 4,68,000. అద్దె, హమాలీ, వడ్డీ దీనికి అదనం.

‘ధర ఎవరి చేతిలో ఉందమ్మా’ అంటారు. ధర ఎవరి చేతిలోనూ లేకపోవచ్చు, సమాచారం మాత్రం కొందరి చేతిలోనే ఉంది. యార్డులో నేను కారణం అడిగితే కొనేవాళ్లు చెప్పింది ఒకటే, ‘ఏసీల్లో పాత సరుకు లక్షల టిక్కీలు ఉంది, కొత్తది వస్తోంది, బయట ఆర్డర్లు లేవు’ అని. ఏసీల్లో ఎంత ఉందో వ్యాపారికి తెలుసు, పది ఏసీల్లో ఆయన సరుకే ఉంటుంది. రైతుకు తన 62 టిక్కీలే తెలుసు. మా వీధిలో ఆరుగురం ఏసీకి తోలినట్టే ప్రతి ఊళ్లో ఆరుగురు తోలారని మాకు ఆగస్టులో తెలిసి ఉంటే అక్టోబర్‌లోనే మొత్తం తీసేసేవాళ్లం. యార్డులో రోజూ ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఏ రకం ఎంత పలికింది అన్నది తెలుస్తూనే ఉంది. ఆ మేరకు ఇదివరకటి కంటే చాలా నయం, 2016లో మొదలైన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ వచ్చాక లాట్‌కు పడిన ధర ఫోన్‌లో చూసుకోగలుగుతున్నాం, నాన్న ఆ మెసేజ్ చూపించి మరీ సంతోషపడతారు. అలాగే ఏసీల్లో నిల్వ ఎంత ఉందో వారానికి ఒకసారి యార్డు గేటు దగ్గర బోర్డు మీద రాసినా చాలు. ప్రతి ఏసీ దగ్గర రిజిస్టర్ ఉంటుంది, కొత్తగా తయారు చేయాల్సిందేమీ లేదు.

మేం అమ్మిన నెలాఖర్లోనే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాకు 11,781 ధర అని, 2.58 లక్షల టన్నుల వరకు అని ప్రకటించింది. 2017లో ధరలు కూలినప్పుడు కూడా ఇలాగే 5 వేలు ప్రకటించారు. మిర్చి మద్దతు ధర ఇచ్చే పంటల జాబితాలో లేదు, కాబట్టి ధర పడిపోయి, రైతులు రోడ్డెక్కి, రాష్ట్రం ఉత్తరాలు రాసి, ఢిల్లీ నిర్ణయం తీసుకునేసరికి నాలాంటివాళ్ల టిక్కీలు యార్డు దాటిపోయి ఉంటాయి. సాయం చేయలేదని అనను, వచ్చే వేళ గురించి అంటున్నాను.

మా పెద్దనాన్న వాళ్లు ఒంగోలు వైపు వర్జీనియా పొగాకు వేస్తారు. 1975 చట్టంతో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం మన గుంటూరులోనే ఉంది. ఏ ఏడాది ఎంత పండించాలో బోర్డు ముందే చెప్తుంది, రైతుకు లైసెన్స్ ఉంటుంది, వేలం బోర్డు ప్లాట్‌ఫారం మీదే. ధర పడిపోయే ఏడాదులు వాళ్లకూ ఉన్నాయి, అదనంగా పండించావని జరిమానాలూ ఉన్నాయి, అంతా బాగుందని చెప్పను. కానీ నల్ల బర్లీ వేసినవాళ్లను చూడండి. అదీ పొగాకే, కానీ బోర్డు వేలం దానికి లేదు. 2025లో కంపెనీలు కొనడం మానేస్తే పర్చూరు వైపు రైతులు ఆకు ఇళ్లల్లో పెట్టుకుని కూర్చున్నారు, చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ అనే సహకార సంస్థ చేత కొనిపించాల్సి వచ్చింది. పక్కపక్క మండలాలు, అదే నేల, అదే కష్టం. ఒకరికి ముందే ఏర్పాటు ఉంది, ఇంకొకరికి లేదు. మిర్చి రైతుకు యార్డు ఉంది, అది ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం, కానీ ఎంత వేస్తున్నాం, ఎంత నిల్వ ఉంది అని చూసి ముందే హెచ్చరించే మనిషి లేడు.

మళ్లీ ఆ ఏసీకి వెళ్తారా అని మా వీధిలో అడుగుతున్నారు. సరుకు కాపాడిన తీరుకు, గుమాస్తా బాబాయ్ మాటకు, హమాలీల పనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. బాండుకు ఒకటి, అది కూడా మార్కా సరిగ్గా రాసినందుకు. మొన్న వెళ్లి యజమానిని నేరుగా కలిశాను. రిజిస్ట్రేషన్ చేయించుకోండి, టిక్కీకి ఇరవై రూపాయలు ఎక్కువైనా ఇస్తాం, మా ఊరి నుంచే ఏడెనిమిది వందల టిక్కీలు వస్తాయి అని చెప్పాను. ఆయన విన్నాడు, ‘ఇంతవరకు రైతులు ఎవరూ అడగలేదమ్మా’ అన్నాడు. ఆయన ఆడిటర్‌తో మాట్లాడి చెప్తానన్నాడు. మీలో గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట వైపు ఏసీలకు తోలేవాళ్లు ఉంటే, దించే ముందు ఈ మాట అడగండి. బీమా కాగితం చూపించమనండి, బాండు మీద కాటా బరువు రాయించుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్న మిర్చి ఏసీ ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, మా కోతలు ఫిబ్రవరిలో మొదలవుతాయి.